వైద్యము, ప్రజారోగ్యము: నెల్లూరు నీటి కథ

నెల్లూరు సీమలో నీరు రెండు విధములు. తూర్పున, సముద్రపు టంచున, ఇసుక నేలలు. అక్కడ కొద్దిపాటి లోతున దొరువు త్రవ్విన చాలును, తియ్యని నీరూరును. ఉప్పు సముద్రము కూతవేటు దూరమున ఘోషించుచున్నను, ఇసుకలో ఇంకిన వాననీరు బరువైన ఉప్పునీటి పైని తేలియుండుటచే తీరవాసికి ఆ భాగ్యము కలిగినది. పడమటి దిక్కున, వెలిగొండల వైపు పోయిన కొలది ఇసుక తగ్గి రాయి పెరుగును. బావులు లోతగును. వానలు తక్కువ. అయినను రాతి పగుళ్ళనుండి ఊరిన ఆ బావినీరు అద్దమువలె తేటగా నుండును.

ఈ రెంటిలో మనుష్యులు భయపడినది మొదటి నీటికే. దొరువు పై మూతలేని గుంట; అందు మురికి చేరుట సులభము. 1876-78 నాటి మహాక్షామములో కూలిజనమునకు పని కల్పించుటకై పొడిగించిన బకింగ్‌హాము కాలువ ఈ తీరము వెంటనే సాగినది. ఉప్పు, కట్టెలు, ధాన్యము మోసిన పడవలతో పాటు మనుష్యుల రాకపోకలు పెరిగినవి. ఆ కాలపు రాకపోకల వెంట కలరా కూడ నడచెడిది. కనుక కలకబారిన నీటిని శంకించుట ప్రజలు నేర్చిరి. తేటనీటిని శంకింపవలెనని ఎవరికిని తోచలేదు. అట్లు శంకించుటకు ఒక క్రొత్త విధమైన చదువు కావలసివచ్చినది.

1937వ సంవత్సరమున ‘ఇండియన్ మెడికల్ గెజెట్’ అను పత్రికలో ఒక వ్యాసము వెలువడినది. దాని శీర్షికలోనే నెల్లూరు జిల్లా పేరున్నది. వ్రాసినవారు షార్ట్, పండిట్, రాఘవాచారి అను మువ్వురు. జిల్లాలోని కొన్ని గ్రామములలో జనుల వెన్నెముకలు బిగిసిపోవుటకు కారణము వారు త్రాగు నీటిలో కరగియున్న ఫ్లోరైడు అని ఆ వ్యాసము లోకమునకు చాటినది. త్రాగునీటి ఫ్లోరైడు మనుష్యుల ఎముకలను ఈ విధముగా పాడుచేయునని చూపిన తొలి వైద్యరచనగా దానికి నేటికిని పేరున్నది. నాటి నెల్లూరు జిల్లా మరింత విశాలమైనదని గుర్తుంచుకొనవలెను. ఫ్లోరైడు బాధకు పేరుపడిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు అప్పుడు నెల్లూరులోనివే. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందు చేరినవి; 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు వచ్చినది.

ఇంతకును ఆ గ్రామములలో జరుగుచుండినదేమి? పిల్లలకు పాలపళ్ళు ఊడి వచ్చిన క్రొత్తపళ్ళపై సుద్దవంటి తెల్లని మచ్చలు పడును. పిమ్మట అవి పసుపుగా, గోధుమరంగుగా మారును. ఊరిలో వానిని గారపళ్ళనిరే గాని రోగమనలేదు. ముప్పది యేండ్లు వచ్చుసరికి కాలుసేతులు తిమ్మిరులెక్కుట, నడుము పట్టుట మొదలగును. ఆ బిగువు నడుమునుండి వీపునకు, వీపునుండి మెడకు ప్రాకును. నలుబదియేండ్ల నాటికి కొందరికి వెన్నంతయు ఒకే కొయ్యవలె అగును. వాడు నేలపై గొంతుకూర్చుండలేడు. తల త్రిప్పి ప్రక్కవాని మొగము చూడలేడు. చూడవలెనన్న ఒడలంతయు త్రిప్పవలెను. ప్రక్కటెముకలు కదలక ఊపిరి పొట్టతోనే తీయవలసివచ్చును. తుదకు మంచమెక్కును. తెలివి మాత్రము తేటగనే యుండును. తన దురవస్థ తనకు సంపూర్ణముగా తెలియుచుండుటయే ఈ వ్యాధిలోని క్రూరత్వము.

రైతులు దీనిని తమలో కంటె ముందు తమ ఎడ్లలో గమనించిరని చెప్పుదురు. కీళ్ళు బిగిసి, నొప్పిచే అడుగువేయలేని ఎద్దు కాడికి పనికిరాదు. సేద్యగానికి ఆ నష్టము వెంటనే కనబడును. తన నడుము పట్టినప్పుడు మాత్రము వాడు దానిని వయస్సు మీదనో వాతము మీదనో త్రోసివేసెను.

అట్టి రైతు ఒకడు వైద్యుని కడకు వచ్చెననుకొందము. వైద్యుడు సమర్థుడే. నాడి చూచును, కీళ్ళు వంచి చూచును, ఇది కీళ్ళవాతమని యెంచి తైలమో మాత్రయో ఇచ్చును. మరునాడు అదే ఊరినుండి మరియొకడు వచ్చును. వానికిని అదే మందు. ఇందులో వైద్యుని తప్పేమియు లేదు. వైద్యశాల అతనికి నేర్పినది ఎదుట కూర్చున్న ఒక్క మనిషిని చూచుట. కాని ఈ వ్యాధి ఆ మనిషి యొక్కనిలో లేదు; వాని ఊరి బావిలో ఉన్నది. దానిని కనుగొనుటకు వేరు ప్రశ్నలు కావలెను. ఈ ఊరిలోనే ఎందుకు? ప్రక్క ఊరిలో ఎందుకు లేదు? చెరువునీరు త్రాగువారికి ఉన్నదా, బావినీరు త్రాగువారికి ఉన్నదా? ఇక్కడనే పుట్టినవారికా, కోడండ్రుగా వచ్చినవారికి గూడనా? పిల్లల పళ్ళెట్లున్నవి? పశువులెట్లున్నవి?

ఈ ప్రశ్నలు నేర్పు విద్యయే ప్రజారోగ్యశాస్త్రము. దానికి వైద్యవిద్యతో పొత్తు కలిసిన చరిత్ర అంత పాతది కాదు. 1854లో లండను నగరమున కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు మరణములు జరిగిన ఇండ్లను గుర్తించి, బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపు నీటికిని ఆ మరణములకును గల సంబంధమును చూపెను. కలరా క్రిమిని కోక్ పండితుడు స్పష్టపరచుటకు ముప్పది యేండ్లకు ముందే ఈ పని జరిగినది. 1871లో డబ్లిను నగరమందలి ట్రినిటీ కళాశాల వైద్యులకు ప్రజారోగ్యమున ప్రత్యేక డిప్లొమాను నెలకొల్పినది. వైద్యము చదివినవాడు మరల విద్యార్థియై నీరు, గాలి, మురుగు, జనన మరణముల లెక్కలు చదువవలెనన్న నియమము అట్లు ప్రారంభమైనది. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రజారోగ్య కళాశాల 1916లో నెలకొని 1918లో తలుపులు తెరచినది. మన దేశమున కలకత్తాలోని అఖిలభారత ఆరోగ్య, ప్రజారోగ్య విద్యాలయము రాక్‌ఫెల్లర్ సంస్థ ద్రవ్యసాహాయ్యముతో 1932 డిసెంబరు 30న ప్రారంభమైనది.

తెలుగునేలపై ఈ జంటచదువు ఫలించిన కథ ఇంతకు మునుపే ఒకటి కలదు. రోనాల్డ్ రాస్ 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన సైనికవైద్యుడు. కొన్నియేండ్ల కొలువు తరువాత సెలవుపై ఇంగ్లండు పోయి, 1889లో ప్రజారోగ్య డిప్లొమా పుచ్చుకొని, సూక్ష్మజీవుల శాస్త్రము కూడ నేర్చివచ్చెను. 1897 ఆగస్టు 20వ తేదీని సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని ఆయన చూచిన సంగతి పాఠ్యపుస్తకములలో ఉన్నది. ఆ డిప్లొమా సంగతి అంతగా వినరాదు. జ్వరము గలవానిని వదలి వాని చుట్టును ఎగురు దోమను పరీక్షింపవలెనని తోచిన చూపు, వైద్యశాల నాలుగు గోడల నడుమ మాత్రమే పెరిగినది కాదు.

మద్రాసు రాజధానిలో ఈ చూపునకు నిలయము గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటు. పారిశుద్ధ్య కమీషనరుగా పనిచేసిన కింగ్ పేరున 1899లో అది వెలసినది. మశూచికపు టీకా రసము తయారు చేయుట దాని తొలి పని. క్రమముగా రోగపరీక్షలు, నీటిపరీక్షలు దాని ఆవరణలో చేరినవి. మనుష్యుల నెత్తురు పరీక్షించు బల్లయు, ఊళ్ళ నీరు పరీక్షించు బల్లయు ఒకే కప్పు క్రింద నుండుట మన కథకు ముఖ్యము.

1937 నాటి వ్యాసకర్తలను చూడుడు. షార్ట్ సైనికవైద్యశాఖకు చెందిన పరిశోధకుడు; మలేరియా క్రిమి నెత్తురులో ప్రవేశించుటకు ముందు మానవుని కాలేయమున పెరుగునని 1948లో గార్న్‌హామ్‌తో కలసి చూపినవాడు ఆయనయే. చింతామణ్ గోవింద పండిట్ వైద్యపట్టమునకు తోడు ప్రజారోగ్య డిప్లొమాను, పరిశోధనపట్టమును కూడ పొందినవారు. తరువాత భారత వైద్య పరిశోధన మండలికి ఆయన తొలి డైరెక్టరైరి. తన జీవితకథకు పెట్టుకొన్న పేరులో సైతము రోగనివారణ వైద్యమునే తన లోకముగా చెప్పుకొనిరి. మూడవవారగు రాఘవాచారి నీటిపరీక్షలో నిపుణులు. రోగిని చూచు కన్ను, ఊరిని చూచు కన్ను, నీటిని చూచు కన్ను ఒకచోట కలసినవి. ఇందులో నడిమివాని స్థానము గమనింపదగినది. ఎముక భాషయు, బావి భాషయు రెండును తెలిసినవాడు నడుమ లేనిచో మొదటివాని పరీక్షాపత్రము ఒక బీరువాలోను, మూడవవాని పత్రము వేరొక బీరువాలోను ఉండిపోయెడివి.

వారు శూన్యమునుండి ఊహించినది కాదు. 1931లో అమెరికాలో చర్చిల్ అను రసాయనికుడు పళ్ళమచ్చలు గల ఊళ్ళ నీటిలో ఫ్లోరైడున్నదని చూపెను. 1932లో కోపెన్‌హాగెన్ నగరమున క్రయొలైటు అను ఫ్లోరిన్ ఖనిజమును పొడిచేయు కార్మికుల ఎముకలు గట్టిపడి దట్టమైనట్లు ఎక్స్‌రే చిత్రములలో కనబడినది. ఒకచోట నీరు, పళ్ళు. ఇంకొకచోట దుమ్ము, ఎముకలు. నీటికిని ఎముకకును ముడివేసిన స్థలము మన నెల్లూరు. 1940లో పండిట్, రాఘవాచారి మరి ఇరువురితో కూడి వెలువరించిన విపులమైన పరిశోధన ఇంకొక మెట్టెక్కినది. తిండి చాలని బీదలలో ఈ వ్యాధి మరింత తీవ్రముగా నుండునని, విషము నీటిదైనను దాని దెబ్బ దరిద్రునిపై ఎక్కువగా పడునని అందు తేలినది.

ఈ విషము పనిచేయు తీరు తెలిసికొన్నచో రెండు చదువుల అవసరము మరింత స్పష్టమగును. నెల్లూరు, ప్రకాశము జిల్లాల రాతిలో ఆపటైటు, నల్ల అభ్రకము మొదలగు ఫ్లోరైడు గల ఖనిజములు కలవు. వాన తక్కువై, నీరు రాతిలో దీర్ఘకాలము నిలిచిన చోట ఫ్లోరైడు కరగి నీటిలో చేరును. దానికి రంగు లేదు, వాసన లేదు. త్రాగినదానిలో కొంత మూత్రమున పోయినను, మిగిలినది ఎముకలలో ఏటేట పేరుకొనును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములను హద్దుగా సూచించినది. మన దేశపు ప్రమాణము 1 మిల్లీగ్రామునే కోరి, వేరు దారి లేనిచోట 1.5 వరకు అనుమతించును. లీటరునకు 5 మిల్లీగ్రాములున్న నీటిని ఎండలో దుక్కిదున్నువాడు రోజుకు నాలుగు లీటర్లు త్రాగినచో 20 మిల్లీగ్రాములు లోపల చేరును. రోజుకు 14 మిల్లీగ్రాములు చేరినచో ఎముకలకు హాని నిశ్చయమని నిపుణుల మతము. నీడపట్టున కూర్చుండువానికంటె కష్టజీవికే ఎక్కువ విషము ముట్టుచున్నదన్న మాట.

ఇక చికిత్స యేమి? బిగిసిన వెన్నును సడలించు మందు లేదు. ఎంతటి వైద్యుడైనను చేయగలిగినది నొప్పికి ఉపశమనము మాత్రమే. కాని ఈ వ్యాధిని పూర్తిగా రానీయక ఆపవచ్చును; నీరు మార్చిన చాలును. మందు లేక, నివారణ మాత్రము సంపూర్ణముగా ఉన్న వ్యాధి యిది. కాబట్టి వైద్యము మాత్రము తెలిసినవాడు ఇచ్చట నిరాయుధుడు.

ప్రజారోగ్యము మాత్రము తెలిసినవాడు గూడ ఇచ్చట పొరపడగలడు. కలరాకు నేర్చిన తొలిపాఠము నీరు కాచి త్రాగుడనుట. ఆ హితవు క్రిముల విషయమున అమృతతుల్యము. ఫ్లోరైడు కాచిన పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలినదానిలో అది చిక్కనగును. రెండవ పాఠము, పైనీటిని మాని లోతునీటిని త్రాగుడనుట. గడచిన శతాబ్దపు ఉత్తరార్ధమున ఊరూర వేసిన బోరుబావులు లక్షలాది బిడ్డలను విరేచనముల నుండి కాపాడినవి. రాతినేలలలో కొన్నిచోట్ల అవే ఫ్లోరైడు నీటిని ఇంటి ముంగిటికి తెచ్చినవి. పిల్లవాని నోరు తెరచి పళ్ళు చూడగల వైద్యుడు ఆ బోరు ప్రక్కన నిలువవలసిన అవసరము ఇందువలననే కలుగుచున్నది.

కనుగొన్నంతనే కథ ముగిసినదా? లేదు. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టము వచ్చినది. అంత సమగ్రమైన చట్టము దేశమున అదియే మొదటిది. నాటి ఆరోగ్యమంత్రి టి.ఎస్.ఎస్. రాజన్ స్వయముగా వైద్యుడు. 1943లో నియమితమైన భోర్ సంఘము 1946లో నివేదిక సమర్పించుచు, చికిత్సయు నివారణయు అన్ని మెట్లయందును కలసి సాగవలెనని, ప్రతి వైద్యునికి మూడు మాసములు నివారణ, సాంఘిక వైద్యములలో శిక్షణ ఉండవలెనని కోరినది. కర్నూలులో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు ఆ సంఘ సభ్యులలో ఒకరు. 1952 నుండి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు వెలయసాగినవి.

ఈ ఏర్పాటు లెన్ని వచ్చినను ఫ్లోరైడు గ్రామములలో నీరు మారుటకు తరములు పట్టినది. 1955లో నల్లగొండ జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి సిద్దిఖీ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసెను. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు ఫ్లోరైడు సీమలలోని యువకులకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగులు వికృతిని ‘లాన్సెట్’ పత్రికలో వివరించిరి. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి యని పేరు. నదీజలములను గొట్టముల ద్వారా ఇంటింటికి చేర్చు మిషన్ భగీరథ తెలంగాణములో 2016లో ప్రారంభమైనది. 1937కును 2016కును నడుమ దాదాపు ఎనుబది సంవత్సరములు. నెల్లూరు వ్యాసము వెలువడిన యేడు పుట్టిన బిడ్డ ఆ గొట్టపునీరు వచ్చునాటికి ముదుసలియై యుండును.

ఈ ఆలస్యమునకు అజ్ఞానము కారణము కాదు. తెలిసినదానిని పనిగా మార్చువాడు తగినచోట లేకపోవుటయే కారణము. రోగిని చూచువారొక శాఖ, నీరిచ్చువారొక శాఖ, లెక్కలు వ్రాయువారింకొక శాఖ. వైద్యవిద్యార్థులలో తెలివైనవారు శస్త్రచికిత్సవైపు, గుండెవైద్యమువైపు పోవుదురు. సమాజవైద్యము తుదకు మిగిలిన స్థానమని యెంచువారు నేటికిని కలరు. రోగి బ్రదికినచో వైద్యునికి చేతులెత్తి మ్రొక్కును. రాకపోయిన రోగమునకు మ్రొక్కువాడెవడు? ప్రజారోగ్యవైద్యుని కష్టమంతయు ఈ ఒక్క ప్రశ్నలో నున్నది.

ఇది గడచిపోయిన కథయని తలపరాదు. ఇదే తూర్పుతీరమున, శ్రీకాకుళపు ఉద్దానములో మూత్రపిండములు క్రమముగా చెడిపోవు వ్యాధి వేలాది కుటుంబములను పీడించుచున్నది. కొబ్బరితోటల నడుమ పచ్చని పల్లెలవి. నీటిని, నేలను, ఎరువులను, ఎండలోని శ్రమను, వంశలక్షణమును పరిశోధకులు పరీక్షించుచునే యున్నారు. ఇంతవరకు ఒక్క కారణము నిర్ధారణ కాలేదు. పలాసలో 2023 డిసెంబరున మూత్రపిండవ్యాధుల ఆసుపత్రి ప్రారంభమైనది. నదీజలములను ఆ పల్లెలకు చేర్చు పథకమును కూడ అప్పుడే ప్రారంభించిరి. ఒకటి రోగికి, రెండవది ఊరికి. రెండును కావలసినవే. రెంటిని కలిపి ఆలోచించు మనుష్యులు కావలసియుండుట కూడ అంతే నిజము.

నేడు ఆ మనుష్యులు తయారగుటకు దారులున్నవి. వైద్యపట్టము పొందినవారు సమాజవైద్యమున ఎం.డి. చేయవచ్చును, లేక ప్రజారోగ్యమున మాస్టరు పట్టమును చదువవచ్చును. హైదరాబాదులో 2008 నుండి భారత ప్రజారోగ్య సంస్థ ఈ విద్య నేర్పుచున్నది. ఇంటిలో వైద్యము చదువు బిడ్డ గల తల్లిదండ్రులు ఈ రెండవ పట్టమును కాలహరణముగా భావింపకుండుట మేలు. మొదటి చదువు, ఈ మనిషికి ఏమైనదని అడుగుట నేర్పును. రెండవది, ఈ మనుష్యులకే ఎందుకైనదని అడుగుట నేర్పును. ఒకే నోటినుండి ఈ రెండు ప్రశ్నలును వెలువడిన దినమున నెల్లూరు పల్లెల రహస్యము బయటపడినది.

వైద్యునికి మొదటి ప్రశ్నకు ఉత్తరము చెప్పు రోగి ఎదుటనే ఉండును. రెండవదానికి ఉత్తరము వెదకుటకు మాత్రము ఆసుపత్రి మెట్లు దిగి, ఊరి బావి కడకు నడచి, చేదతో నీరు తోడి, సీసాలో నింపి, పరీక్షకు పంపవలెను. పరీక్షాఫలము వచ్చిన పిమ్మట నీరు మారువరకు ఆ ఊరి పక్షమున కచేరీల చుట్టును తిరుగవలెను. ఆ నడకయు ఆ తిరుగుటయు వైద్యములో భాగములేనని తెలిసినవాడే సంపూర్ణుడైన వైద్యుడు.